ఆటకూ మూలప్రతి ఉంటుంది

కాలగర్భంలో కలిసిపోయేవి రాజ్యాలు, కట్టడాలు మాత్రమే కావు, వినోదాలూ కలిసిపోతాయి. పుస్తకానికి గ్రంథాలయం, శిల్పానికి ప్రదర్శనశాల ఆశ్రయమిస్తాయి. మరి కంప్యూటర్ ఆటకు ఆశ్రయమిచ్చేది ఏది? ఈ ప్రశ్నను పరిశీలించడానికి జపాన్ దేశపు పాత ఆట ఒకటి చక్కని ఉదాహరణ.

నిహాన్ ఫాల్కమ్ సంస్థ 1987లో పీసీ-8801 కంప్యూటర్ కోసం ‘ఈస్’ అనే ఆటను వెలువరించింది. ఆటగాడు కథానాయకుని పాత్ర ధరించి, పోరాడుతూ కథను నడిపించే ప్రక్రియ ఇది. ఎర్రని జుట్టు గల అడోల్ అనే యువకుడు, అంతరించిన ఈస్ రాజ్య చరిత్రను తెలిపే ఆరు గ్రంథాలను అన్వేషిస్తాడు. కత్తి ఝళిపించడానికి ఇందులో వేరే మీట లేదు; శత్రువును ఢీకొనడమే యుద్ధం. నేరుగా ఢీకొంటే దెబ్బ తినవలసి వస్తుంది. కొంచెం పక్కకు ఒరిగి ఢీకొంటే గెలుపు దక్కుతుంది. ఆట సొగసు ఈ చిన్న కిటుకులోనే ఉంది. ఎంత వర్ణించినా అది బోధపడదు; ఆడితేనే తెలుస్తుంది.

ఆనాటి ఆటలు ఫ్లాపీ డిస్కులలో ఉండేవి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి అయస్కాంతపు పూత క్షీణిస్తుంది, బూజు పడుతుంది. వాటిని నడిపే కంప్యూటర్లూ అరుదైపోయాయి. ఈ స్థితిలో ఎమ్యులేటర్ అనే సాధనం ఆదుకున్నది. పాత యంత్రం ఒక్కొక్క ఆదేశాన్ని ఎలా నిర్వర్తించేదో, కొత్త యంత్రం చేత అలాగే చేయించడం దాని పని. నేడది బ్రౌజర్‌లోనే పనిచేస్తున్నది. పాత గేమ్ యంత్రాల ఆటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ 2013లో ఈ పద్ధతిలోనే ప్రజల ముందు ఉంచింది.

దీనికి అభ్యంతరం లేకపోలేదు. అనుమతి లేని ప్రతి, సృష్టికర్తల శ్రమను దోచుకోవడమేనని హక్కుదారులు వాదిస్తారు. ఆ వాదం తోసిపుచ్చదగినది కాదు. ఫాల్కమ్ సంస్థ ఈస్‌ను పలుమార్లు తీర్చిదిద్ది విక్రయించింది కూడా. అయితే కొత్త రూపం మూలానికి బదులు కాజాలదు. అందమైన అచ్చుపుస్తకం చేతికి వచ్చినంత మాత్రాన పరిష్కర్త తాళపత్ర ప్రతిని పారవేయడు. పైగా అన్ని ఆటలకూ ఈస్‌కు పట్టిన అదృష్టం పట్టలేదు. అమెరికాలో 2010కి ముందు వెలువడిన పాత ఆటల్లో 87 శాతం అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది.

జపాన్ చట్టం ప్రకారం సంస్థ పేరిట వెలువడిన కృతిపై హక్కు ప్రచురణ నుంచి 70 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన ఈస్‌పై హక్కు 2057 దాకా నిలుస్తుంది. ఫ్లాపీ అంతకాలం నిలుస్తుందా? హక్కు తీరేనాటికి వస్తువే మిగలకపోతే, ఆ హక్కు దేనిని కాపాడినట్లు? పరిశోధకులు తామున్న చోటి నుంచే పాత ఆటలను పరిశీలించేలా గ్రంథాలయాలకు వీలు కల్పించాలన్న వినతిని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024లో తిరస్కరించింది. ఇది దూరదృష్టి గల నిర్ణయం కాదు. అమ్మకంలో ఉన్న ఆటను కొని ఆడడం న్యాయం; అమ్మకం ఆగిపోయిన ఆటను గ్రంథాలయం బ్రౌజర్ ద్వారా అందించడం ధర్మం. చట్టం ఈ రెండింటికీ చోటివ్వాలి.

అడోల్ ఆరు గ్రంథాలను వెదకి తెచ్చినందువల్లనే ఈస్ చరిత్ర లోకానికి తెలిసింది. ఆ కథ చెప్పిన ఆటే రేపు వెదకినా దొరకని గ్రంథం కారాదు.