వాళ్ల టవరు, మన మంచె

అడవిని పైనుంచి చూపిస్తామంటూ టవర్లు కట్టే రోజులొచ్చాయి. చెట్ల కొసలకన్నా ఎత్తుకు ఇనుప మెట్లు, పైన రెయిలింగు, సెల్ఫీకో మూల. నల్లమలలో ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే అడవి ఎంత ముద్దుగా కనిపిస్తుందో మనకు తెలియనిది కాదు. చూడవచ్చేవాళ్ల మీద మాకు కోపం లేదు. కోపమంతా వేరే లెక్క మీద.

అదే అడవి అంచున మనమూ ఎత్తు మీదే కూర్చుంటున్నాం. నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు, చేతిలో టార్చి, పక్కన కొట్టడానికి ఖాళీ డబ్బా. మక్క పాలకంకి పట్టిందంటే, పల్లికాయ ఊరిందంటే ఇంట్లో పడక లేదు. పందుల మంద దిగితే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు తవ్విపోతుంది. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, పటాకులు కాల్చాం, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం. నాలుగు రోజులు బెదురుతాయి, ఐదో రోజు అలవాటు పడతాయి. కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. ఆ తీగలకు పందులే కాదు, మన మనుషులూ పోయారు. మరి ఏం చెయ్యాలంటే మాత్రం చెప్పే నాథుడు లేడు.

ఇక చట్టం సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, చెరువు, తాగునీటి పైపు, రోడ్డు లాంటి 13 రకాల పనులకు అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారులోపే ఇవ్వాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. మంచిదే, ఉండాల్సిందే. ఆ జాబితాలో టవరు లేదు. దానికి వేరే దారి వేశారు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, అటవీ ప్రణాళికలోనో పులుల సంరక్షణ ప్రణాళికలోనో రాసుకున్న ఎకో టూరిజం కట్టడాలు 'అటవీయేతర పని' కిందికి రావని తేల్చేశారు. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఊరి బడికైతే చెట్లు లెక్కపెట్టాలి, తీర్మానం కావాలి. టూరిస్టు మెట్లకు ప్రణాళికలో ఒక వాక్యం చాలు!

చెంచు పెంటల విషయం ఇంకా ఘోరం. పులికి ఇబ్బంది అని మనుషుల్ని కోర్ ఏరియా నుంచి కదలమంటారు. అలా ఖాళీ చేయించిన చోట టూరిజం కట్టడాలు కూడదని 2012 మార్గదర్శకాల్లోనే ఉంది. ఎంతమందికి చదివి వినిపించారు?

రైతులకు అడవి గిట్టదని కొందరు నోరు పారేసుకుంటారు. 2019లో యురేనియం కోసం నల్లమలను తవ్వుతామన్నప్పుడు రోడ్డెక్కింది ఎవరు? అమ్రాబాద్, పదర మండలాల జనమే, చెంచులే. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసిందంటే ఆ పోరాటం వల్లనే. వ్యూ పాయింట్ నుంచి ఇవాళ కనిపించే ఆ పచ్చదనం వెనక మన చెమట కూడా ఉంది.

టూరిజంతో పనులొస్తాయంటారు. వస్తాయి, కొందరికి. జీపు డ్రైవరు, గైడు, గేటు దగ్గర కాపలా. పంట పోయినవాడికి ఏమొస్తుంది? అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లో యాప్‌లో ఫోటోలు పెట్టాలట. అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ ఎక్కడ? దానికైనా టవరు ఎక్కనిస్తారేమో అడగాలి.

గ్రామసభలో టవరు మాట వస్తే ఊరికే తలూపొద్దు. ప్రణాళిక కాగితం తెలుగులో తెచ్చి చదవమనండి. టిక్కెట్ల మీద ఎంత వస్తుంది, అందులో చేలకు సోలార్ కంచె కోసం ఎంత పెడతారు, ఏ ఊరి నుంచి మొదలుపెడతారు, సంతకం పెట్టి రాసిమ్మనండి.