ధాన్యం డ్రైయర్లలో కనీస గాలి వేగం: సూత్రంతో పాటు కొలత అవసరం

యంత్రంతో కోసిన ఖరీఫ్ వరి ధాన్యంలో తేమ అధికంగా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం. కోత సమయంలో వర్షం కురిస్తే ఆరబోసిన ధాన్యం రంగు మారి, మొలకెత్తుతుంది. అందువల్ల ఫ్లూయిడైజ్డ్ బెడ్, స్పౌటెడ్ బెడ్ డ్రైయర్లపై పరిశోధకుల ఆసక్తి సహజమైనదే. అయితే వీటి రూపకల్పనకు ఆధారమైన కనీస గాలి వేగాన్ని కేవలం సూత్రంతో లెక్కగట్టి సరిపెట్టుకోవడం సమంజసం కాదు.

ఈ రెండు పద్ధతులలో కనీస వేగం ఒకటి కాదు. ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో గాలి పీడన వ్యత్యాసం గింజల పొర బరువుకు సమానమైనప్పుడు గింజలు తేలతాయి. ఈ వేగం పొర ఎత్తుపై ఆధారపడదు. స్పౌటెడ్ బెడ్‌లో అడుగు రంధ్రం నుండి వచ్చే గాలి గింజలను మధ్యలో ఊటవలె ఎగజిమ్మాలి. కెనడాలో గోధుమలపై పరిశోధించిన మాథుర్, గిష్లర్ 1955లో ప్రకటించిన సూత్రం ప్రకారం ఈ వేగం పొర ఎత్తు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది; పాత్ర, రంధ్రాల వ్యాసాలపైనా ఆధారపడుతుంది. చిన్న పాత్రలలో రూపొందిన ఈ సూత్రాన్ని పెద్ద డ్రైయర్లకు యథాతథంగా వర్తింపజేయరాదు.

ఉష్ణోగ్రత కూడా ముఖ్యమే. 3.5 మిల్లీమీటర్ల వ్యాసం, ఘనపు మీటరుకు 1200 కిలోల సాంద్రత గల గోళాకార గింజకు 1966 నాటి వెన్, యూ సూత్రం ప్రకారం సాధారణ ఉష్ణోగ్రతలో కనీస వేగం సెకనుకు సుమారు 1.04 మీటర్లు. 80 డిగ్రీల సెల్సియస్ గాలి పలుచబడటం వల్ల అది 1.11 మీటర్లకు పెరుగుతుంది. పైగా వడ్లు గోళాకారమైనవి కావు. తడి గింజలు ఒకదానికొకటి అంటుకుని గాలికి అక్కడక్కడ దారులు ఏర్పడతాయి.

సూత్రాలు నిరుపయోగమని దీని అర్థం కాదు. బ్లోయర్ ఎంపికలో తొలి అంచనాకు అవి అవసరం. తదుపరి బాధ్యత కొలతది. గింజలు పూర్తిగా కదిలాక గాలిని క్రమంగా తగ్గిస్తూ, పీడన వ్యత్యాసం పడిపోవడం మొదలైన వేగాన్ని, స్పౌటెడ్ బెడ్‌లో ఊట కూలిన వేగాన్ని నమోదు చేయాలి. ఊట ప్రారంభించడానికి అవసరమైన గరిష్ఠ పీడనం నడిచేటప్పటి పీడనం కంటే ఎక్కువ కనుక బ్లోయర్ దానినీ తట్టుకోవాలి.

వేగం చాలకపోతే అడుగు గింజలు మాడి, పై గింజలు తడిగానే మిగులుతాయి. మించితే గాలి తేమను పూర్తిగా గ్రహించకుండానే వేడిని వెంట తీసుకుపోతుంది. ఇంధన వ్యయం రైతుపై పడుతుంది. కాబట్టి విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో వరి రకం, తేమ శాతం, గాలి ఉష్ణోగ్రత, పొర ఎత్తుతో పాటు కొలిచిన కనీస వేగాన్ని తప్పక పేర్కొనాలి. ఆ వివరాలు లేని డ్రైయర్‌ను విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు సిఫారసు చేయకపోవడమే ఉచితం.