పుస్తకాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పిల్లల్ని బళ్ళో చేర్చేటప్పుడు ఫీజు ఎంతో అడుగుతాం, బస్సు ఉందా అంటాం, మంచినీళ్ళూ బాత్‌రూములూ కూడా చూసి వస్తాం. లైబ్రరీ సంగతి అడిగేవాళ్ళం ఎంతమందిమి చెప్పండి? అడిగితే "ఎందుకు లేదమ్మా" అంటూ చాలాచోట్ల ఓ అద్దాల బీరువా చూపిస్తారు. దానికి తాళం! పిల్లలు చింపేస్తారట. మసాలా మరకలు అంటని పోపులపెట్టె వంట చెయ్యని ఇంట్లోనే ఉంటుంది. నలగని పుస్తకమూ అంతే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కయిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్నది అందులో మొదటిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలు సైతం ఉండాలనీ చెబుతోంది. కనుక ఇది గొంతెమ్మ కోరిక కాదు.

"కథలు చదువుతూ కూర్చుంటే మార్కులు తగ్గవూ?" అనకండి. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంది, అన్నిట్లోనూ ఫస్టే. వాళ్ళ అమ్మమ్మ కళ్ళు సరిగా ఆనకపోయినా ఆవకాయ కొలతలన్నీ స్వయంగా కాగితం మీద రాసి మనవరాలి చేతికిచ్చింది. ఆ పిల్ల రెండు ముక్కలు కూడబలుక్కుని, "నువ్వే చదువుకో మమ్మీ" అని ఇచ్చేసింది. పెద్దావిడ ఏమీ అనలేదు. మార్కులు వచ్చాయిగానీ అమ్మమ్మ రాసిన మాట మాత్రం ఆ పిల్లకి అందలేదు. పాఠం భయంతో చదివితే రాని తెలుగు, కథ మీద ఇష్టంతో చదివితే వస్తుంది.

మరి ఏం కొనాలంటారా? అక్షరాలు కూడబలుక్కునే వయసుకి బొమ్మలు ఎక్కువ, మాటలు తక్కువ ఉన్నవి కావాలి. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, 'మంచి పుస్తకం' వారి చిన్న పుస్తకాలు చూడండి. ధర కూడా మనకి అందుబాటులోనే ఉంటుంది.

మూడు, నాలుగు తరగతులకి ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు'. బాపు బొమ్మలు సరేసరి. ముందు మీరు పైకి చదివి వినిపించండి. నాలుగు పేజీలయ్యాక పుస్తకం మీ చేతిలోంచి లాక్కుంటారు. 1947లో మొదలైన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు గానీ, పాత సంచికలు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే దింపించండి. బేతాళుడి ప్రశ్నకి జవాబు చదివే ముందు పుస్తకం మూసి, "నువ్వైతే ఏమంటావు?" అని అడగండి.

ఆరు, ఏడు తరగతులకి 'రైలుబడి'. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం. అల్లరి పిల్లని ఒక బడి వెళ్ళగొడితే, రైలుపెట్టెల్లో నడిచే మరో బడి అక్కున చేర్చుకుంటుంది. అక్కడి హెడ్మాస్టరు పిల్లల క్యారియర్లో సముద్రానివి కొంచెం, కొండలవి కొంచెం ఉన్నాయా అని చూస్తాడు. రోజూ టిఫిన్ డబ్బాలు కట్టే మనకీ నచ్చుతుంది.

హైస్కూలు పిల్లలకి నామిని 'పచ్చ నాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఒకటి చిత్తూరు పల్లె యాసలో, ఇంకోటి నెల్లూరు యాసలో ఉంటాయి. మన ఇంట్లో మాట్లాడే మాట కూడా పుస్తకంలోకి ఎక్కుతుందని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది.

ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కుల కాగితం మీద సంతకం పెట్టి వచ్చెయ్యకండి. నలుగురు తల్లులు కలిసి వెళ్ళి, వారానికి ఒక పీరియడ్ బీరువా తియ్యమని మర్యాదగా అడగండి. ఇచ్చిపుచ్చుకునే లెక్క ఒక నోటుపుస్తకంలో పిల్లలే రాస్తారు. అట్టలు వెయ్యడానికీ, చిరిగినవి అంటించడానికీ నెలకో మధ్యాహ్నం మనం వెళ్ళలేమా? పుట్టినరోజుకి చాక్లెట్లు పంచే బదులు బడికో పుస్తకం ఇస్తే, ఏడాది తిరిగేసరికి ఇంకో అర నిండుతుంది. అయితే తాళం మాత్రం తీసే ఉంచాలి సుమా!