విద్యుత్ పొదుపు లెక్కలో దూరపు శ్రోత

విశాఖపట్నానికీ ఖరగ్‌పూర్‌కూ మధ్య గగనమార్గాన 650 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో కొలువుల కోసం తరలివెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలలో నివసిస్తోంది. పగలు అందని మీడియం వేవ్ తరంగాలు రాత్రివేళ అయనావరణంలో పరావర్తనం చెంది అంత దూరమూ చేరగలవు. ఎఫ్.ఎం.కు ఆ శక్తి లేదు. అందువల్ల ట్రాన్స్‌మిటర్ల విద్యుత్ వ్యయం ఇంజినీర్లకే పరిమితమైన అంశం కాదు.

మీడియం వేవ్‌పై ప్రధాన విమర్శ వృథా. సంప్రదాయ పద్ధతిలో గరిష్ఠ మాడ్యులేషన్ వద్ద సైతం ప్రసార శక్తిలో మూడింట రెండు వంతులు వాహక తరంగానికే పోతుంది. అందులో మాటా ఉండదు, పాటా ఉండదు. మిగిలిన ఒక వంతును పంచుకునే రెండు పక్కపట్టీలు మోసేది ఒకే సమాచారాన్ని. అంటే విద్యుత్తుతో పాటు బ్యాండ్‌విడ్త్ కూడా వృథాయే.

డీఆర్ఎం డిజిటల్ విధానం ఈ లోపాన్ని సరిదిద్దుతుంది. అదే 9 కిలోహెర్ట్జ్‌ల చానల్‌లో, తక్కువ శక్తితో, మరింత స్పష్టమైన ధ్వనిని అందిస్తుంది. అయితే డిజిటల్ సంకేతం తీవ్రత క్షణక్షణం మారుతుంది. సాధారణ ఆంప్లిఫయర్‌లో అది అధిక భాగం వేడిగా మారిపోతుంది. దీనికి మార్గాన్ని 1952లోనే లెనార్డ్ కాన్ సూచించారు. తీవ్రతను, దశను విడదీసి, వేర్వేరుగా పెంచి, చివర కలపాలన్నది ఆ సూత్రం. దక్షత పెరుగుతుంది. కానీ తీవ్రతను మోసే మార్గానికి చానల్ వెడల్పుకు అనేక రెట్లు బ్యాండ్‌విడ్త్ కావాలి. అది కొరవడితే సంకేతం పక్క స్టేషన్లలోకి చొరబడుతుంది.

సాంకేతికత సాధ్యమేనని అనుభవం చెబుతోంది. బంగ్లాదేశ్ శ్రోతల కోసం 2016 ఆగస్టులో ప్రారంభమైన ఆకాశవాణి మైత్రీకి, హుగ్లీ జిల్లా మొగ్రాలోని 1,000 కిలోవాట్ల డీఆర్ఎం ట్రాన్స్‌మిటర్‌ను వినియోగించారు. కొరత రిసీవర్లది. సామాన్యుల ఇళ్లలో డీఆర్ఎం రేడియోలు అరుదు.

ఫోన్‌లో తెలుగు ప్రసారాలు వినవచ్చుననే వాదనలో వాస్తవం ఉంది. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖలో విద్యుత్తు, మొబైల్ సేవలు స్తంభించాయి. అటువంటి వేళ దూరం నుంచి పలికే ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ రేడియో మాత్రమే ఆధారం.

కాబట్టి పొదుపు యంత్రాల ఆధునికీకరణతో రావాలి, మీడియం వేవ్‌ను మూసివేయడంతో కాదు. ఖర్చయిన యూనిట్లతో పాటు, ఆ ఖర్చుతో ఎంతమంది శ్రోతలను చేరుకున్నామన్నది కూడా కొలమానం కావాలి.