‘వాళ్ల లవ్ సంగతి మనకెందుకు’ అంటే ఎట్ల?

2021 ఆగస్టు 15న గుంటూరు పరమాయకుంటలో ఒక దళిత బీటెక్ విద్యార్థినిని, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన కుర్రాడు పట్టపగలు కత్తితో పొడిచి చంపాడు. చుట్టూ జనం ఉన్నరు. 2022 ఏప్రిల్‌లో కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది.

ఆ జనాన్ని తిట్టుడు సులువు. కత్తి ముందు ఎవరికైనా ప్రాణభయం ఉంటది. కానీ కత్తి దాకా రాకముందే తెలిసేవి కొన్ని ఉంటయి కదా? ఫోన్ గుంజుకొని మెసేజ్‌లు చూసుడు, ఫోటోలు బయట పెడతానని బెదిరించుడు, ‘కోపంల’ కొట్టిన చెంపదెబ్బ. పోచంపాడ్ డ్యాం కాడ కలిసే దోస్తులకు, ఆర్మూర్ హాస్టల్‌ల పక్క మంచం పిల్లకు ఇవన్నీ ఇంట్లోవాళ్లకంటే ముందే తెలుస్తయి. అయినా చెప్పరు. ఇంట్ల తెలిస్తే చదువు మాన్పించి పెండ్లి చేస్తరని భయం. ఆ భయం ఉత్తది కాదు, మన తండాల్ల, గూడేల్ల చూస్తనే ఉన్నం.

అందుకే చెల్లే, ముందు ఆమెనే అడుగు, ఒంటరిగా. ఆమె సరేనంటే 181కి గానీ, పద్దెనిమిది నిండకుంటే 1098కి గానీ ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. షీ టీమ్స్ ఉన్నయి. ప్రాణం మీదికి వస్తే మాత్రం 112కు కొట్టు, ఆమె ఒప్పుకునే దాకా ఆగకు.

తమ్మీ, నీ దోస్తు వద్దన్న పిల్ల వెంట పడుతుంటే అది బీఎన్ఎస్ 78 కింద నేరం. నవ్వకుండ ఆ ముక్క వాని మొహం మీద చెప్పు.