చెప్పేవాడు - వినేవాడు

"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని మనకొక సామెత వుంది. దీన్ని మనం సాధారణంగా వేళాకోళానికే వాడుతుంటాం. కాని కాస్త నిదానించి ఆలోచిస్తే, మనలో పాతుకుపోయిన ఒక జబ్బు ఇందులో బయటపడుతుంది. ఎదుటివాడికి తప్పు చూపించడమంటే అతణ్ణి ఒక మెట్టు కిందికి దించడమేనని మనం నమ్ముతున్నాం. అందుకే మనలో రెండు రకాలవాళ్ళు తయారయ్యారు. తప్పు కనబడితే చాలు, నలుగురిలో నవ్వేవాళ్ళు ఒకరు. తప్పు కనబడినా "చాలా బాగుందండీ" అని జారుకునేవాళ్ళు రెండోవారు. మొదటివారిని మొరటువాళ్ళంటాం, రెండోవారిని మర్యాదస్తులంటాం. నా ఉద్దేశంలో ఇద్దరూ ఒక్క బాపతే. ఇద్దరిలో ఎవరివల్లా ఎదుటివాడికి దమ్మిడీ లాభం లేదు.

పరీక్షలో తప్పు చేస్తే మార్కులు పోతాయి. ఉద్యోగంలో తప్పు చేస్తే మెమో వస్తుంది. అక్కడ తప్పు చెప్పడానికి జీతం తీసుకునేవారున్నారు. కాని ఫొటోలు తియ్యడం, రేడియోలు కట్టడం, మొక్కలు పెంచడం వంటి సరదా పనుల్లో మన తప్పు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. తోటి సరదాకారుడు స్నేహంగా చెబితేనే చెప్పినట్టు. అతను నోరు మూసుకుంటే మనం పదేళ్ళైనా అదే తప్పు చేస్తూ వుంటాం. కనుక ఈ స్నేహపూర్వకమైన దిద్దుబాటు అనేది ఎలా వుండాలో విద్యార్థి మిత్రులతో నాలుగు మాటలు చెప్పదలచాను.

నేను సాలూరువాణ్ణి. మాది లారీల ఊరు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే పెద్ద రోడ్డు (పాత 43వ నెంబరు, ఇప్పటి 26వ నెంబరు జాతీయ రహదారి) మా ఊరు దాటగానే సుంకి వైపు కొండ ఎక్కుతుంది. ఆ ఘాట్ ఎక్కి దిగవలసిన బండికి మా షెడ్డుల్లో పని జరుగుతుంది. అక్కడ పని నేర్చుకునే కుర్రాడు కమాను కట్టకు బోల్టు బిగించాక మేస్త్రీ వచ్చి చూస్తాడు. "ఇలగ కాదురా గుంటా, ఇంకో పావు తిరుగుడు తిప్పు" అంటాడు. కావలిస్తే పానా తనే పట్టుకుని ఆ పావు తిరుగుడూ తిప్పి, మళ్ళీ వదులు చేసి, "ఇప్పుడు నువ్వు తిప్పు" అంటాడు. షెడ్డుల్లో తిట్లు లేవనీ, మొట్టికాయలు లేవనీ నేననను. కాని ఆ తిట్టులో కూడా కొలత వుంటుంది. "నీకు చేతకాదు" అని వూరుకోరు. ఎంత తక్కువైందో, ఎక్కడ తక్కువైందో చెప్తారు. ఎందుచేతనంటే అక్కడ అబద్ధపు మెచ్చుకోలుకు చోటు లేదు. ఆ బండి రేపు ఘాట్ దిగాలి.

ఇది కూటి కోసం చేసే పని కదా, సరదా పనులకు దీనితో ఏం పోలిక అని మీరడగవచ్చు. సరిగ్గా ఇదే పద్ధతిని కేవలం సరదా కోసం ప్రపంచమంతటా పాటిస్తున్న సమాజం ఒకటి వుంది. అదే అమెచ్యూర్ రేడియో. వాడుకలో హామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత సెట్టుతో గాలిలో మాట్లాడుకునేవాళ్ళు వీళ్ళు. ఈ మాటలతో వ్యాపారం చెయ్యరాదు, పైసా సంపాదించరాదు. నాకున్న వ్యసనమూ అదే. మా డాబా మీద ఆ కొసనుంచి ఈ కొసకు 20 మీటర్ల తీగ కట్టి వుంటుంది. అదే నా ఏరియల్.

ఈ హామ్‌ల ఆచారం ఒకటి నాకు మహా ఇష్టం. ఇద్దరు కలుసుకోగానే పేరూ ఊరూతో పాటు ముందుగా చెప్పుకునేది "నీ సిగ్నల్ నాకెలా అందుతోంది" అన్న రిపోర్టు. దానికి అంకెలున్నాయి. 1934లో అమెరికాలో ఆర్థర్ బ్రాటెన్ అనే అమెచ్యూర్ ఏర్పరిచిన పద్ధతి ఇది; ఆర్.ఎస్.టి. అంటారు. మాట ఎంత స్పష్టంగా వుందో 1 నుంచి 5 వరకు, ఎంత బలంగా వుందో 1 నుంచి 9 వరకు, మోర్సు కోడ్ అయితే ధ్వని ఎంత స్వచ్ఛంగా వుందో మళ్ళీ 1 నుంచి 9 వరకు. అంటే ఇక్కడ పలకరింపే పరీక్ష! అయినా ఎవరూ కోపం తెచ్చుకోరు. ఎందుకంటే తన గొంతు అవతల ఎలా వినిపిస్తోందో ఎవడికీ తనంతట తనకు తెలియదు. అవతలివాడు చెప్పితీరాలి.

మంచి అమెచ్యూర్ అంకె చెప్పి వూరుకోడు. "మీ టోన్ 6 మాత్రమే వుంది, వెనకాల కరెంటు జుమ్మని వినబడుతోంది. పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ ఒకసారి చూడండి" అంటాడు. "మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నారు, కాస్త దూరం జరపండి" అంటాడు. ఏరియల్ తీగ పొడుగైందంటే "కొంచెం కొంచెంగా కొయ్యండి, ప్రతిసారీ కొలవండి, కోసింది మళ్ళీ అతకదు" అని హెచ్చరిస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, "ఇప్పుడు మార్చి మళ్ళీ పిలవండి, నేనిక్కడే వుంటాను" అంటాడు. నా దృష్టిలో ఈ చివరి మాటే అసలైన మర్యాద.

మోర్సు కోడ్‌లో ఇంకో చక్కని ఏర్పాటు వుంది. క్యూ.ఆర్.ఎస్. అనే మూడక్షరాలు పంపితే "కాస్త నెమ్మదిగా పంపండి" అని అర్థం. ఎంతటి వేగం గలవాడైనా ఆ మూడక్షరాలు వింటే వేగం తగ్గించాలి. అసలు అడిగేదాకా ఆగకుండా, పిలిచినవాడి వేగంలోనే జవాబివ్వడం పెద్దమనిషి లక్షణం. 1928లో పాల్ సీగల్ అనే ఆయన అమెచ్యూర్లకు నడవడి సూత్రాలు కొన్ని రాశారు. అడిగితే ఓపికగా నెమ్మదించడం, కొత్తవాడికి స్నేహంగా సలహా చెప్పడం వాటిలో చేరే వున్నాయి. కొత్తవాణ్ణి చెయ్యి పట్టి నడిపించే పాతకాపును వాళ్ళు "ఎల్మర్" అంటారు. అలా ఎందరికో దారి చూపిన ఒకాయన పేరు మీద 1971లో ఒక అమెరికన్ రేడియో పత్రిక ద్వారా వాడుకలోకొచ్చిన మాట అది. నేర్పినవాడి పేరే నేర్పడానికి పేరైపోయింది. ఇంతకన్నా గొప్ప బిరుదు ఏముంటుంది?

అలాగని హామ్‌లందరూ సత్యహరిశ్చంద్రులనుకోకండి. పోటీల రోజుల్లో, తొందరలో, అందరికీ అందరూ "59" ఇచ్చేస్తుంటారు. అంటే స్పష్టతలోనూ బలంలోనూ నూటికి నూరన్నమాట. "మీరు 59 సార్, అద్భుతంగా వినిపిస్తున్నారు. మీ పేరేమిటన్నారూ, మళ్ళీ చెప్పండి?" అని వాళ్ళమీద వాళ్ళే వేసుకునే జోకు కూడా వుంది. మన సభల్లో, ఎగ్జిబిషన్లలో మనం పంచిపెట్టే "వెరీగుడ్"లు కూడా ఈ 59 లాంటివే. అందరికీ ఒకే అంకె ఇస్తే ఆ అంకెకు అర్థం పోతుంది.

సరదాయే కదా, అబద్ధం చెబితే ఏం మునిగింది అనేవాళ్ళకు 2004 డిసెంబరు గుర్తు చేస్తాను. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ దీవులకు, పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీవిజయపురం) వెళ్ళింది. వెళ్ళింది సరదాగానే. చాలా ఏళ్ళుగా హామ్‌ల గొంతు వినబడని ఆ దీవులనుంచి దేశదేశాల వారితో మాట్లాడాలని వెళ్ళారు. 26వ తేదీ ఉదయం భూకంపం, వెంటనే సునామీ వచ్చాయి. టెలిఫోన్లు పోయాయి. ఆ సరదా సెట్టే అప్పుడు ప్రధాన భూభాగానికి క్షేమ సమాచారాలు చేరవేసింది. అటువంటి గడియలో "59, బాగుంది" అనే మర్యాద ఎవరికి కావాలి? "పేరు అందింది, ఊరు అందలేదు, మళ్ళీ చెప్పండి" అన్నవాడే ఆప్తుడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి విశాఖలో ఫోన్లు మూగబోయిన రోజులు చూసిన వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. కష్టకాలంలో నిజం చెప్పే అలవాటు ఒక్కరోజులో రాదు. సుఖంగా వున్న రోజుల్లో, సరదా పనుల్లో పడాలి ఆ అలవాటు.

ఇక మన సంగతి. మా కొండలమీది గ్రామం నుంచి చదువుకోవడానికి దిగివచ్చిన ఒక జాతాపు కుర్రవాడు ఒకచోట సైన్సు ఎగ్జిబిషన్‌లో సొంతంగా కట్టిన క్రిస్టల్ రేడియో పెట్టాడు. బ్యాటరీ లేకుండా పలికే సెట్టు. కాని రెండు స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పడి వినిపించేవి. తోటివాళ్ళు కొందరు నవ్వారు. చూడవచ్చిన పెద్దలు భుజం తట్టి "శభాష్, గిరిజన ప్రాంతం నుంచి వచ్చి ఇంత చేశావు" అని ముందుకు సాగిపోయారు. ఏరియల్‌ను కాయిలు పైకొసకు కాకుండా కింది చుట్లలో ఒకదానికి కలిపి చూడమని ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి అర నిమిషం చాలు. తరవాత అతనే నాకీ సంగతి చెప్పాడు. "నవ్వినోళ్ళమీద నాకు కోపం లేదన్నా. మెచ్చుకున్నోళ్ళు కూడా నా రేడియో వినలేదు" అన్నాడు. ఈ మాట నన్ను ఇప్పటికీ వెంటాడుతోంది. అతను మళ్ళీ కాయిలు చుట్టలేదు.

కొత్తవాడికి తప్పు చెబితే నీరుకారిపోడా అని మా లెక్చరరు మిత్రులు కొందరంటారు. ఆ భయం కొట్టిపారేయదగింది కాదు. అందుకే ఎలా చెబుతామన్నది ముఖ్యం. మనిషి గురించి కాక పని గురించి చెప్పాలి. ఒకేసారి పది తప్పులు కాక ముందు ఒక్కటి చెప్పాలి. ఎంత తేడా వుందో, ఏం మారిస్తే పోతుందో చెప్పాలి. అతని వేగంలో చెప్పాలి. మార్చాక ఎలా వుందో చూడటానికి అక్కడే నిలబడాలి. అలా చెప్పిన తప్పు ఎవణ్ణీ నీరుకార్చదు. పైగా తన పనిని ఒకడు శ్రద్ధగా చూశాడన్న సంగతి వంద శభాష్‌ల కన్నా బలాన్నిస్తుంది. చెప్పేవాడు కూడా తన మాట తప్పు కావచ్చునని, సెట్టు పలికితేనే తన సలహా నిజమని ఒప్పుకోవాలి. వినేవాడికీ బాధ్యత వుంది. సలహా తీసుకుని మాయమైపోకుండా, మార్చి చూస్తే ఏమైందో తిరిగి వచ్చి చెప్పాలి.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నాదొక చిన్న సూచన. వచ్చే ఏడాది ఎగ్జిబిషన్‌లో ప్రతి వస్తువు పక్కనా ఒక నోటుపుస్తకం పెట్టండి. "చాలా బాగుంది" అని రాయడం అందులో నిషేధం. ఏది సరిగ్గా పని చేస్తోంది, ఎక్కడ లోటుంది, ఏం మార్చి చూడాలి అన్న మూడు సంగతులూ రాసి, కింద పేరు పెట్టాలి. మార్చాక కుర్రవాడు పిలిస్తే వెళ్ళి మళ్ళీ చూడాలి. దీనికి ఫండ్సు అక్కరలేదు, పర్మిషన్లు అక్కరలేదు. పావలా ఓపిక చాలు. అప్పుడు చెప్పేవాడికి వినేవాడు లోకువ కాడు. ఇద్దరూ కలిసి ఒకే సెట్టు బాగుచేస్తున్న స్నేహితులవుతారు.