నిచ్చెన పొలాల సీమ: యువాన్‌యాంగ్

చైనా నైరుతి భాగాన, యున్నాన్ రాష్ట్రంలో, యువాన్‌యాంగ్ అనే గ్రామీణ కౌంటీ ఉన్నది. వియత్నాంలో ప్రవేశించి హనోయ్ మీదుగా సముద్రం చేరే ఎర్రనదికి దక్షిణంగా ఐలావ్ పర్వతాలు లేస్తాయి. ఆ వాలులను హానీ జాతివారు 1,300 సంవత్సరాలుగా వరిమడులుగా మలుస్తూ వచ్చారు. మనం మెట్ల పొలాలు అనే వీటికి చైనా భాషలో ‘నిచ్చెన పొలాలు’ అని పేరు. అడవి అంచు నుండి లోయ అడుగు వరకు కొన్నిచోట్ల 3,000 మడులు ఒకదాని కింద ఒకటిగా దిగడం చూచినవారికి ఆ పేరు సార్థకమనిపిస్తుంది. 2013లో యునెస్కో ఈ సీమను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

కోతల తరువాత కూడా హానీలు మడులను ఎండనివ్వరు. కనుక నవంబరు చివరి నుండి మార్చి వరకు కొండ వాలంతా అద్దాలు పరచినట్లుంటుంది. దర్శనానికి అదే తగిన కాలం. సూర్యోదయం చూడడానికి దువోయిషూ, సూర్యాస్తమయానికి బాదా, ‘పులినోరు’ అని అర్థం వచ్చే లావ్‌హూజుయ్ ప్రసిద్ధమైనవి.

అయితే దృశ్యంతో తృప్తిపడి వెనుదిరిగేవారు సగమే చూచినట్లు. కొండ కొమ్మున అడవి, దాని దిగువన పల్లె, పల్లె దిగువన మడులు, అట్టడుగున నది: ఇదీ ఇక్కడి అమరిక. లోయ నుండి లేచిన ఆవిరి మంచుగా, వానగా అడవిని తడుపుతుంది. అడవి ఆ నీటిని ఊటలుగా విడుస్తుంది. అందుకే హానీలకు ఆ అడవి పూజనీయం. ఊరి మీదుగా పారే నీరే పశువుల ఎరువును మడులకు మోసుకొనిపోతుంది. మడుల్లో వరితోపాటు చేపలు, బాతులు పెరుగుతాయి.

నీటి పంపకం మరింత చూడదగినది. కాలువకు అడ్డంగా ఒక దుంగనో రాతినో అమర్చి, దాని పైయంచున గాట్లు చెక్కుతారు. అందరూ అంగీకరించిన వంతును బట్టి గాటు వెడల్పు ఉంటుంది. వానలు తగ్గినా వంతు మారదు. మన పల్లెల్లో నీరుగంటికి ధాన్యం కొలిచినట్లే, ఇక్కడి కాలువ కాపరికీ వడ్లే ప్రతిఫలం. సుమారు 446 కిలోమీటర్ల కాలువలను గ్రామస్థులు ఉమ్మడిగానే బాగుచేసుకొంటారు.

ఇంతటి నిర్మాణం సేద్యం సాగినంత కాలమే నిలుస్తుంది. ఒక మడి ఎండితే గట్టు బీటలు వారుతుంది. మళ్లీ నీరు చేరినప్పుడు అది తెగి, దిగువ మడులనూ కోసివేస్తుంది. కాని కొండసేద్యంలో శ్రమ అధికం, రాబడి స్వల్పం. యువకులు పనుల కోసం పట్టణాలకు తరలిపోతున్నారు. యాత్రికులను రప్పించే అందం రైతుకు అన్నం పెట్టకపోతే, ఆ అందాన్ని కాపాడేవారెవరు?

పుట్టగొడుగుల వంటి గడ్డికప్పుల ఇళ్లకు పేరుపడిన అజఖ అనే చిన్న పల్లె దీనికొక సమాధానం వెదికింది. 2018లో సన్ యట్‌సేన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల సహాయంతో అక్కడ ఒక పథకం ఆరంభమైనది. దాని ప్రకారం పర్యాటక లాభంలో 70 శాతం గ్రామస్థులది. ఆ భాగాన్ని నూరు పాళ్లు చేసి, పాత ఇంటిని నిలుపుకొన్నందుకు 40, మడిని సాగులో ఉంచినందుకు 30, ఊరిలోనే నివసిస్తున్నందుకు 20, ఊరి జాబితాలో పేరున్నందుకు 10 చొప్పున కుటుంబాలకు పంచాలని నిర్ణయించారు. నీటిని గాట్లతో కొలిచి పంచుకొన్న జాతికి ధనాన్నీ కొలిచి పంచుకోవడం కొత్త విద్య కాదు.

యువాన్‌యాంగ్ వెళ్లే పాఠకులు ఒక రాత్రి పల్లెలోనే బస చేయడం మంచిది. అక్కడి ఎర్రబియ్యపు అన్నం తిని, కాలువ వెంట నడచి, గాట్ల దుంగ ఎక్కడున్నదో అడిగి చూడండి. గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం జాగ్రత్త. అవి రైతు ఏటేటా చేతులతో మెత్తి నిలుపుకొనే మట్టిగోడలు.